కొత్త డుకాటి స్క్రాంబ్లర్, నాన్న పాత యెజ్డీ రోడ్‌కింగ్: ఊళ్ళో తిరగడానికి పాతదే నయమనిపిస్తోంది, నాకేనా?

ఎత్తుబ్రిడ్జి కుర్రోడు

మాది విజీనారం. డుకాటి స్క్రాంబ్లర్ కొనీసాను, 803 సీసీది, పసుపు రంగు. కాలేజీలో ఉన్నప్పట్నుంచి నా ఫోన్ వాల్‌పేపర్ దాని ఫొటోనే. రింగురోడ్డు ఎక్కి మూడో గేర్లో రేస్ తిప్పితే ఆ లాగుడు ఇంతకుముందు నేనెక్కిన ఏ బండిలోనూ చూడలేదు. అక్కడిదాకా ఏ గొడవా లేదు. గొడవల్లా ఊళ్ళోకి వస్తేనే. మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు సాయంత్రం ఎలాగుంటాదో తెలుసు కదా, ఆటోలు, తోపుడుబళ్ళు, మధ్యలో ఆవులు. అక్కడ 25 స్పీడులో థర్డ్‌లో పోదామంటే బండి కుదుపుతాది, సెకండ్‌కి దింపితే ముందుకి దూకుదామని చూస్తాది, క్లచ్ పట్టుకుని పట్టుకుని ఎడం చెయ్యి లాగీస్తోంది, వెనక సిలిండర్ వేడి తొడకి తెలుస్తోంది. అదే రోడ్డు మీద నాన్న 1987 రోడ్‌కింగ్ తీస్తే దాని మానాన అది పోతాది.

నాన్నది ఒకటే మాట, "పది లక్షల పైన పోసినావు, సంతకెళ్ళి కూరలు తేలేని బండేటిరా అది" అని.

నేనడిగేదేటంటే, పాత బళ్ళు నిజంగానే అంత బాగుండీవా, లేకపోతే మన అలవాటు వల్ల అలా అనిపిస్తోందా? ఇంకో విషయం, రోడ్‌కింగ్ ఇంజన్‌కి పని పడింది. పొగ ఎక్కువైంది, లోపల్నుంచి గలగలమంటోంది. బాగు చేయించాలా, అమ్మీయాలా? రెండు బళ్ళకీ వీధరుగు దగ్గర చోటు లేదంటోంది అమ్మ.

టూస్ట్రోక్ పొగ

అమ్మీయడమా?? ఆ మాట మళ్ళీ ఎత్తకు బావా. రోడ్‌కింగ్ ఒకసారి చెయ్యి దాటిందంటే మళ్ళీ రాదు. యెజ్డీల మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూసీసారు, ఇంక ఎవడు చేస్తాడు.

మూడోగేరు

చోటు సంగతి సులువు. నువ్వు వీధరుగు మీద పడుకో, బళ్ళు రెండూ లోపల పెట్టు.

లెక్కలోడు

ముందు ఒకటి చెప్పు, స్క్రాంబ్లర్ సర్వీసుకి ఎక్కడికి పంపుతున్నావు? అది తేలకుండా మిగతా చర్చంతా దండగ.

సాలూరు పానా

కుర్రోడు చెప్పిన కుదుపు రోగం కాదు, ఆ ఇంజన్ పుట్టుకే అంత. మాది సాలూరు, నాన్నగారి నుంచీ లేత్ షాపు, లారీ పన్లే ఎక్కువ గానీ పాత బళ్ళ బేరళ్ళు (సిలిండర్లు) కూడా చాలానే బోరు చేసినాం. కొలతలు చూడండి చాలు, సగం సంగతి అర్థమైపోతాది.

పాత బుల్లెట్ 350 ఉంది కదా, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 70 ఎంఎం, స్ట్రోకు (పిస్టన్ నడిచే దూరం) 90. యెజ్డీ బోరు 65, స్ట్రోకు 75. రెండిటికీ పిస్టన్ వెడల్పు తక్కువ, నడక పొడుగు. ఇప్పుడు స్క్రాంబ్లర్ చూడు, బోరు 88, స్ట్రోకు 66. పిస్టన్ పళ్ళెమంత వెడల్పు, నడక మాత్రం పొట్టి. ఇలాటి ఇంజన్ పైన తిరగడానికి పుట్టింది, 73 హార్స్‌పవర్ వస్తాదంటే అది 8,250 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ చుట్లు) దగ్గర. కింద 2,000 లో దాన్ని పట్టుకుని నడిపితే సణుగుతాది. పైగా పాత బళ్ళలో క్రాంకూ ఫ్లైవీలూ బండ ఇనుము. తిరగలి రాయి బరువుగా ఉంటే చెయ్యి ఒక్క క్షణం వదిలినా తిరుగుతూనే ఉంటాది కదా, అదే పని బుల్లెట్‌లో ఫ్లైవీల్ చేస్తాది. ఒక పేలుడుకీ ఇంకో పేలుడుకీ మధ్య గ్యాపుని ఆ బరువే దాటించీస్తాది. కొత్త ఇంజన్‌లో ఆ బరువు తగ్గించీసారు, రేస్ తిప్పగానే లేవాలని. కొత్తది లేస్తాది, పాతది లేవదు. పాతది నిదానంగా నడుస్తాది, కొత్తది నడవదు. రెండూ ఒక బండిలో అడిగితే ఇవ్వడం ఎవడి వల్లా కాదు.

ఊళ్ళో ఫస్టూ సెకండే వాడు, 3,000 కింద ఇంజన్‌ని దింపకు, థర్డ్‌కి రింగురోడ్డు దాకా పనిలేదు. వెనక బ్రేకు కొంచెం ఆనించి ఉంచి రేస్ సన్నగా పట్టుకో, దూకుడు తగ్గుతాది.

బుల్లెట్ మేష్టారు

సాలూరు తమ్ముడు బాగా చెప్పాడు. నాది 1984 మోడల్, చీపురుపల్లి నుంచి రాజాం నాలుగో గేర్లో 40 మీద పోతాను, క్లచ్ ముట్టుకునే పని ఉండదు. మధ్యలో గేదెలు అడ్డొచ్చి 25కి పడినా మళ్ళీ అదే గేర్లో ఎత్తుకుంటుంది. రోడ్డు పక్కన ఎవరి పొలం నాట్లయింది, ఎవరి పొలం ఎండింది అన్నీ చూసుకుంటూ వెళ్ళొచ్చు. కొత్త బండిలో ఎప్పుడూ మీటరు మీదే కన్ను. ఇది అలవాటు సంగతి కాదు బాబూ, మన రోడ్లకి, మన స్పీడుకి కుదిరిన బండి అది.

ఘాట్‌రోడ్డు

మేష్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, నాట్లు చూసుకుంటూ పోవడం వరకు సరే. పార్వతీపురం నుంచి కోరాపుట్ వైపు నెలనెలా తిరిగేవాణ్ణి నేను. సుంకి ఘాట్ పాత డ్రమ్ము బ్రేకుల బండి మీద, వెనక మనిషినీ సంచినీ పెట్టుకుని దిగినప్పుడు తెలుస్తాది బండంటే ఏటో. సగం ఘాట్ దిగేసరికి ముందు బ్రేకు లివరు గ్రిప్పుకి తగిలీసింది, పట్టు లేదు, బ్రేకు షూ కాలిన వాసన. ఫస్టు గేరు వేసి, రోడ్డు పక్క మట్టిలోకి తిప్పి ఆపినాను. వెనక బాక్సైట్ లారీ ఒకటి హారన్ కొడుతూ నన్ను దాటి దిగిపోయింది. ఆ రోజు నుంచి పాత బళ్ళ కబుర్లు నాకు ఎక్కవు. స్క్రాంబ్లర్‌కి ముందు పెద్ద డిస్కు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసేది), అదీ వంపులో వంగి ఉన్నప్పుడు కూడా పనిచేసే రకం. మనిషి ప్రాణం అక్కడుంది, ఇంజన్ డుగుడుగు బీటింగులో లేదు.

టూస్ట్రోక్ పొగ

@ఘాట్‌రోడ్డు ఘాట్ దిగేటప్పుడు ఏ బండైనా గేర్లో పెట్టే దిగాలి, అది బండి తప్పెలాగవుతాది. టూస్ట్రోక్‌కి ఇంజన్ బ్రేకింగ్ (రేస్ వదిలితే ఇంజనే బండిని తగ్గించడం) పెద్దగా ఉండదు, అది ఒప్పుకుంటాను. అయినా మా నరసన్నపేటలో యమహా ఆర్‌ఎక్స్ 100 ఉన్నోడు ఎవడూ దాన్ని ఘాట్‌కి తీసుకెళ్ళడు, ఊళ్ళో సిగ్నల్ దగ్గర అందరికంటే ముందు పోవడానికే కొంటాడు. 98 సీసీ, 11 హార్స్‌పవర్, బరువు వంద కిలోల చిల్లర. బోరు 50, స్ట్రోకు 50. పానా అన్న లెక్క ప్రకారం సమానం.

సాలూరు పానా

అవును, అందుకే ఆర్‌ఎక్స్ కింద కొంచెం ఓపిక పడతాది, పైన కొంచెం ఎగురుతాది. ఆ కొలత పెట్టినోడికి దండం పెట్టొచ్చు.

లెక్కలోడు

నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు.

ఎత్తుబ్రిడ్జి కుర్రోడు

@లెక్కలోడు సర్వీసుకి హైదరాబాదే అన్నా. మొదటి సర్వీసుకి లారీలో పంపాలా, నడుపుకుంటూ పోవాలా అని చూస్తున్నాను. నడుపుకుంటూ పోవాలనే ఉంది.

@సాలూరు పానా అన్నా నీ మాట ప్రకారం ఈరోజు మార్కెట్లో సెకండ్‌లో ఉంచి వెనక బ్రేకు ఆనించి నడిపాను. కుదుపు పోయింది. వేడి మాత్రం పోలేదు.

సాలూరు పానా

వేడి పోదు. రెండు సిలిండర్లు ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో ఉంటాయి, ముందుది గాలికి ఎదురుగా, వెనకది నీ సీటు కింద. గాలితో చల్లబడే ఇంజన్, ఆయిల్ కూలర్ ఉంది గానీ బండి కదిలితేనే దానికీ గాలి. పైడితల్లమ్మ సిరిమాను రోజు మాత్రం ఆ బండి బయటకి తియ్యకు.

అరసవల్లి రైడర్

నేను రెండూ నడుపుతాను కాబట్టి చెప్తాను. మా ఇంట్లో నాన్న యెజ్డీ ఉంది, నేను బండి నేర్చుకున్నది దానిమీదే. కిక్కూ గేరూ ఒకటే రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, స్టార్ట్ అయ్యాక కిందకి దింపితే గేరు లివరు. గేరు మారిస్తే క్లచ్ దానంతట అదే వదులుతుంది, చేత్తో పట్టుకోకపోయినా గేరు పడుతుంది. నా చెయ్యి చిన్నది, మా క్లచ్ కేబులు గట్టిగా ఉండేది, ఆ ఏర్పాటు లేకపోతే నేను ఆ వయసులో ఆ బండి నేర్చుకునేదాన్నే కాదు. అరవై ఏళ్ళ కిందటి బుర్ర అది, ఇప్పుడు క్విక్‌షిఫ్టర్ అని పేరు పెట్టి డబ్బులు గుంజుతున్నారు.

కానీ అబ్బాయిలు పాత బళ్ళ గురించి మాట్లాడుతుంటే ఒక మాట ఎప్పుడూ వదిలేస్తారు. పాత బండి నడవాలంటే ఇంట్లో ఇంకో మనిషి దానికోసం పనిచెయ్యాలి. పెట్రోలు కుళాయి కట్టేసారా లేదా చూడాలి, కట్టకపోతే రాత్రికి రాత్రి పొంగిపోయి పొద్దున్నకి ప్లగ్గు తడిసిపోయి ఉంటుంది. లీటరు పెట్రోలుకి 40 ఎంఎల్ లెక్కన టూటీ ఆయిల్ కలిపారా చూడాలి. పాయింట్ల (ప్లగ్గుకి స్పార్కు టైముకి వచ్చేలా చేసే స్విచ్చు) మధ్య గ్యాపు చూడాలి. నాన్న ఉన్నప్పుడు ఇవన్నీ ఆయన చేసి తాళం నా చేతికిచ్చేవారు, నాకు అది "ఎప్పుడూ ఇబ్బంది పెట్టని బండి". ఆయన పోయాకే తెలిసింది, ఇబ్బంది లేని బండి కాదది, ఇబ్బంది నాదాకా రానివ్వని మనిషి ఉండేవారని. ఇప్పుడు నేను ఎచ్చెర్ల ఆఫీసుకి సెల్ఫ్ బండి మీదే వెళ్తాను, యెజ్డీ ఆదివారం తీస్తాను, దాని పని నేనే చేసుకుంటాను, ఇష్టంగానే.

కుర్రోడూ, మీ రోడ్‌కింగ్ అంత సాఫీగా పోతోందంటే దాని వెనక మీ నాన్నగారు పొద్దున్నే ఏం చేస్తున్నారో ఒకసారి లేచి చూడు.

బుల్లెట్ మేష్టారు

అమ్మా, మంచి మాట చెప్పావు. నాకే తట్టలేదు ఇన్నాళ్ళూ.

మూడోగేరు

పొద్దున్నే లేవమంటే కుర్రోడు స్క్రాంబ్లర్‌నే ఒప్పుకుంటాడు అక్కా.

పలాస జీడి

ఘాట్‌రోడ్డు అన్నకి ఘాట్ ఉన్నట్టే నాకు తిత్లీ ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తుఫాను మా మీదే దాటింది. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరిచెట్టు నిలబడి లేదు, జీడితోట వేళ్ళతో సహా పడిపోయింది. కరెంటు లేదు, ఫోన్ లేదు, దార్లన్నీ చెట్లే. మా పెద్దమ్మకి షుగర్ మందులు కావాలి, పలాస వెళ్ళాలి. ఇంట్లో కారు ఉంది, స్కూటర్ ఉంది. బయల్దేరింది మాత్రం బాబాయి ఆర్‌ఎక్స్ మీద. ఎందుకంటే దారిలో అడ్డంగా పడిన ప్రతి కొబ్బరిమాను దగ్గరా నేనూ బాబాయీ దిగి, ఆయన హ్యాండిల్, నేను వెనక క్యారేజీ పట్టుకుని బండిని ఎత్తి అవతల పెట్టీవోళ్ళం. ఇద్దరు మనుషులు ఎత్తగలిగే బండి. స్క్రాంబ్లర్ 185 కిలోల పైనే కదా, ఎత్తండి చూద్దాం. అప్పట్నుంచి మా ఇంట్లో ఆర్‌ఎక్స్ అమ్మకం మాట ఎవరూ ఎత్తరు.

టూస్ట్రోక్ పొగ

పలాస అన్నా 🙏

ఘాట్‌రోడ్డు

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకున్నాను.

బొబ్బిలి ఇంపీరియాలే

ఇటలీ బండి అంటున్నారు కాబట్టి నేనూ వస్తున్నాను. నాది బెనెల్లి ఇంపీరియాలే, 374 సీసీ, 21 హార్స్‌పవర్. ఇటలీ పేరు, నడక మాత్రం పాత బళ్ళలాగే నిదానం. కుర్రోడికి కావాల్సింది ఇదే అనుకుంటున్నా, రెండిటికీ మధ్యలో.

మూడోగేరు

అది ఇటలీ బండెలాగవుతాది గురూ, చైనాది కదా.

బొబ్బిలి ఇంపీరియాలే

బెనెల్లి 1911లో పెసారో ఊళ్ళో పెట్టిన కంపెనీ. తెరెసా బెనెల్లి అని ఒకావిడ, భర్త పోయాక ఆరుగురు కొడుకులకి ఒక బతుకుతెరువు కావాలని ఆస్తంతా పెట్టి గ్యారేజీ తెరిపించింది. చైనా కంపెనీ చేతికెళ్ళింది 2005లో. పేరు మారలేదు.

మూడోగేరు

పేరు మారకపోతే ఊరు మారదేటి?

లెక్కలోడు

ఆ లెక్కన కుర్రోడి స్క్రాంబ్లర్ కూడా ఇటలీలో చేసింది కాదు. మన దేశానికి వచ్చేవి థాయ్‌లాండ్ ఫ్యాక్టరీవి. డుకాటి కంపెనీ 2012 నుంచి జర్మనీ ఆడి గ్రూపు చేతిలో ఉంది.

ఎత్తుబ్రిడ్జి కుర్రోడు

అవునన్నా, థాయ్‌లాండ్‌దే. కొనేముందే తెలుసు. నాకేం బాధ లేదు, గీసినోళ్ళు ఇటలీ బొలోన్యావాళ్ళే, ఆ ఇంజన్ ఆలోచన వాళ్ళదే.

బుల్లెట్ మేష్టారు

ఇలా తవ్వుకుంటూ పోతే మనకి ఏ బండీ మిగలదు. నా బుల్లెట్ ఇంగ్లీషోడి డ్రాయింగు, 1955 నుంచి మద్రాసు పని. మీ యెజ్డీ చెక్ దేశం జావా, మైసూరులో 1960 నుంచి తయారు. ఆర్‌ఎక్స్ జపాన్‌వాడిది, ఎస్కార్ట్స్ వాళ్ళు ఇక్కడ చేశారు. ఆ మాటకొస్తే ఇటలీ బండి మన జిల్లాలకి కొత్త కాదు, లాంబ్రెట్టా ఇటలీదే, బజాజ్ వాళ్ళు మొదట చేసిన స్కూటర్ ఇటలీ వెస్పానే. మా హెడ్‌మాష్టారు లాంబ్రెట్టా మీద బడికి వచ్చేవారు, ఆయన బండి మలుపు తిరిగేలోపు క్లాసులు నిశ్శబ్దం. అది మిలాన్ బండి అని మాకెవరు చెప్పారు, మాకది హెడ్‌మాష్టారి బండి. ఇక్కడ ఎవరు నడిపితే వాళ్ళదే బండి.

సిక్కోలు చిన్నోడు

స్క్రాంబ్లర్ అంటే మా బంధువులంతా యెజ్డీ స్క్రాంబ్లర్ అనుకుంటారు, కుర్రోడికి ఈ బాధ ఉందా? కొత్త యెజ్డీ వాళ్ళు అదే పేరుతో 2022లో ఒకటి దింపారు.

ఎత్తుబ్రిడ్జి కుర్రోడు

ఉంది. మా మావయ్య "మీ నాన్నదీ యెజ్డీయే, నీదీ యెజ్డీయే, ఎందుకురా కొట్టుకుంటారు" అన్నాడు.

నిజానికి డుకాటి స్క్రాంబ్లర్ కూడా పాత పేరే. 1962 నుంచి 1974 దాకా ఒకే సిలిండర్ స్క్రాంబ్లర్లు చేసేవారు, అమెరికాలో అమ్మడానికి, 250, 350, 450 అలా. ఇప్పటి దాని ట్యాంకు ఆకారం, హెడ్‌లైట్ మీద ఎక్స్ గుర్తు ఆ రోజుల్ని గుర్తుచెయ్యడానికే. అప్పట్లో మట్టిరోడ్ల మీద పోయేముందు హెడ్‌లైట్ అద్దం పగలకుండా టేపు అడ్డదిడ్డంగా అంటించీవారట, ఆ గుర్తు.

సాలూరు పానా

డుకాటి గురించి నాకు నచ్చే ముక్క ఇంకోటుంది. ఆ కంపెనీ 1926లో పెట్టినప్పుడు బళ్ళు చెయ్యడానికి కాదు. రేడియోల్లో వేసే కండెన్సర్లు చేసీవారు. ఇటు మన పాత బళ్ళు రోడ్డు మీద ఆగిపోయాయంటే పది కేసుల్లో చాలావాటికి పాయింట్లో, కండెన్సరో కారణం. పాయింట్లు నల్లగా కాలిపోయి ఉంటే పాయింట్లని తిట్టకండి, కండెన్సర్ చూడండి. అది స్పార్కుని పీల్చుకోవాల్సింది మానీస్తే పాయింట్ల మధ్యనే మెరుపు కొట్టి మొహాలు కాలిపోతాయి. కాలిన పాయింట్లని నీటికాగితంతో రుద్దీసి కండెన్సర్ పాతదే ఉంచి పంపీసే మెకానిక్ దగ్గరకి మళ్ళీ వెళ్ళకండి.

టూస్ట్రోక్ పొగ

రేడియో కండెన్సర్లు చేసినోళ్ళు డుకాటి అయ్యారా 😮 ఇది తెలీదు.

లెక్కలోడు

ఇప్పుడు నా వంతు. ఈ స్క్రాంబ్లర్ ఇంజన్ వాల్వులకి స్ప్రింగులుండవు. తెరవడానికి ఒక రాకరు (వాల్వుని కదిపే మీట), మూయడానికి ఇంకో రాకరు. డెస్మో అంటారు, ఫాబియో టాలియోని అనే ఇంజనీరు 1956లో రేసు బండికి పెట్టింది. స్ప్రింగు మూసేదాకా ఆగే పనిలేదు కాబట్టి ఎంత తిప్పినా వాల్వు టైముకి మూసుకుంటుంది. మంచిదే. కానీ సందు కొలిచేటప్పుడు మామూలు బండికి వాల్వుకి ఒక కొలత, దీనికి రెండు. 12,000 కిలోమీటర్లకోసారి అది చూడాలి. పైగా టైమింగ్ చైన్ కాదు, రబ్బరు బెల్టులు. బండి తిరగకపోయినా 5 ఏళ్ళకి బెల్టు మార్చాల్సిందే, అది తెగితే వాల్వులు పిస్టన్‌కి తగులుతాయి. ఇప్పుడు 350 సీసీ దాటిన బళ్ళ మీద జీఎస్టీ కూడా 40 శాతం. అన్నీ కలిపి కిలోమీటరుకి ఎంత పడుతుందో కుర్రోడు ఒక పుస్తకంలో రాసుకుంటే మంచిది.

ఘాట్‌రోడ్డు

లెక్క రాసుకుని బండి కొన్నోడు ఈ భూమ్మీద లేడన్నా. లెక్క రాసుకున్నోడు బస్సెక్కుతాడు.

లెక్కలోడు

నేను బస్సే ఎక్కుతాను 🙂

సాలూరు పానా

లెక్కలోడు చెప్పిందంతా కరెక్టే. బెల్టు మాట మర్చిపోకు కుర్రోడా. ఇంకోటి, ఇక్కడెవరైనా మెకానిక్ "నేను చేసీస్తాను" అంటే ఆ వాల్వుల జోలికి మాత్రం పోనివ్వకు. నా దగ్గరకి తెచ్చినా నేను ముట్టను. చైన్, బ్రేకు ప్యాడ్లు, ఆయిల్, ఇవి ఇక్కడ చేయించుకోవచ్చు. అది చేతకానితనం అనుకోకండి, ఆ పనికి ప్రత్యేకం పానాలు, షిమ్ములు (సందు సరిచేసే పల్చటి బిళ్ళలు), చదువు కావాలి. బుల్లెట్ ట్యాపెట్ (వాల్వు సందు) అయితే మేష్టారు రోడ్డు పక్క నిలబడి చేసుకోగలరు, పుష్‌రాడ్డు చేత్తో తిరుగుతూ పైకీ కిందకీ ఆట లేకుండా ఉందా చూస్తే చాలు. తేడా అంతా ఇక్కడే ఉంది. పాతది బాగుంటుందా కొత్తది బాగుంటుందా అని కొట్టుకుంటున్నారు గానీ, చెడిపోయినప్పుడు ఎంత దూరంలో బాగవుతాది అన్నదే నా లెక్క. రోడ్‌కింగ్ నీ వీధిలో బాగవుతాది. స్క్రాంబ్లర్ హైదరాబాదులో బాగవుతాది. స్క్రాంబ్లర్ తరచుగా చెడిపోదు, అది దాని గొప్ప. రోడ్‌కింగ్ చెడిపోయినా ఇంటికి తెస్తాది, అది దీని గొప్ప.

సిక్కోలు చిన్నోడు

"చెడిపోయినా ఇంటికి తెస్తాది" ఇది రాసి షెడ్డులో అంటించుకుంటాను.

అరసవల్లి రైడర్

ఒక జాగ్రత్త. రెండు రకాల బళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళకి. మేష్టారి బుల్లెట్ లాంటి పాతవాటికి గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. ఫస్టు పైకి, మిగతావి కిందకి. కొత్త బండి దిగి వెంటనే అది ఎక్కితే కంగారులో బ్రేకు అనుకుని గేరు తొక్కేస్తాం. ఏడు రోడ్ల జంక్షన్లో మా కజిన్ అలాగే ముందు ఆటోకి గుద్దేశాడు. బండి మారిన ప్రతిసారీ తాళం పెట్టేముందు రెండు పాదాలతో ఒకసారి తొక్కి చూసుకోండి.

బుల్లెట్ మేష్టారు

నిజం. మా అబ్బాయికి నా బండి ఇవ్వనిది అందుకే, పిసినారితనం కాదు.

పలాస జీడి

బీచ్ దగ్గరోళ్ళకి ఇంకోటి. కళింగపట్నం, బారువ అటు తిప్పి తెస్తే ఆ రోజే మంచినీళ్ళతో కడగండి. ఉప్పుగాలికి పాత బళ్ళ క్రోము పొక్కుతాది, కొత్త బళ్ళ అల్యూమినియం తెల్లగా బూజుపడుతుంది, చైన్ ఎర్రబారుతుంది. ఉప్పుకి పాతా కొత్తా తేడా లేదు.

టూస్ట్రోక్ పొగ

పెట్రోల్ మాట ఎవరూ ఎత్తలేదేటి? ఇప్పుడు బంకులో వచ్చేదంతా 20 శాతం ఇథనాల్. స్క్రాంబ్లర్‌కి కంప్యూటర్ ఉంది, ఎంతో కొంత సర్దుకుంటాది. మన కార్బొరేటర్ బళ్ళలో పాత రబ్బరు పైపులు, వాయిసర్లు ఉబ్బిపోయి పగులుతున్నాయి. ఇథనాల్ నీళ్ళు లాక్కుంటాది, బండి నెలల తరబడి పక్కన పెడితే ట్యాంకు అడుగున తుప్పు. కొన్నాళ్ళు తియ్యనంటే ట్యాంకూ, కార్బొరేటర్ ఫ్లోట్ గిన్నే ఖాళీ చేసి పెట్టు.

సాలూరు పానా

దీనికి రెండు లైకులు. రోడ్‌కింగ్ పైపులు మార్చీసి ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించు, పెద్ద ఖర్చు కాదు.

ఎత్తుబ్రిడ్జి కుర్రోడు

అందరివీ చదివాను. అక్క చెప్పినట్టు ఈరోజు అయిదింటికే లేచాను. నాన్న ఆపాటికే వీధరుగు మీద కూచుని రోడ్‌కింగ్ ప్లగ్గు విప్పి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, లుంగీ అంచుతో తుడిచి, ఎండ వచ్చేవైపు తిప్పి గ్యాపు చూస్తున్నారు. "రోజూ చేస్తారా" అంటే "రోజూ ఎందుకు, నువ్వు తీసుకెళ్తావని అనిపించిన రోజు" అన్నారు. నేను తీసుకెళ్ళే రోజు ఈయనకి ఎలా తెలుస్తుందో నాకు తెలీదు.

అమ్మడం లేదు. నాన్నతో కూర్చుని తేల్చీసాం. సంత, బజారు, దగ్గర ఊళ్ళు రోడ్‌కింగ్. అనంతగిరి ఘాట్, హైవే, హైదరాబాదు స్క్రాంబ్లర్. అమ్మ తులసికోట పక్కన జాగా ఇచ్చింది, రేకు వేయించమంది. నాన్న స్క్రాంబ్లర్ కూడా ఒకసారి నడిపారు, రామతీర్థం దాకా. తిరిగొచ్చి బ్రేకు గురించి మాత్రం "ఇది బాగుందిరా" అన్నారు, ఇంకేం అనలేదు.

ఘాట్‌రోడ్డు

బ్రేకు!! నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

టూస్ట్రోక్ పొగ

అమ్మలేదు, చాలు. పొగ వదుల్తాను ఈరోజు ఊరంతా.

ఎత్తుబ్రిడ్జి కుర్రోడు

@సాలూరు పానా అన్నా, ఇంజన్ పని నీ దగ్గరే చేయిస్తాను. బండి తేవాలా, బేరల్ ఒక్కటే విప్పి తేవాలా? ముందు ఏమైనా కొనాలా?

సాలూరు పానా

బండితో రా, గలగల ఎక్కడిదో వినకుండా చెప్పలేను. పిస్టన్ ఆడుతోందా, క్రాంక్ బేరింగులా, కనెక్టింగ్ రాడ్డు చిన్న బుష్షా అన్నది స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి పిడి చెవికి పెట్టి వింటే తెలుస్తాది. విప్పాక బోరు నాలుగు చోట్ల కొలుస్తాను, పైనా కిందా, అడ్డంగా నిలువుగా. కోడుగుడ్డు ఆకారంలో అరిగి ఉంటే బోరు చెయ్యక తప్పదు. అయితే ఓవర్‌సైజు పిస్టన్ చేతికి వచ్చాకే బోరు చేస్తాను, ముందు చెయ్యను. పిస్టన్ కొలిచి దానికి సరిపడా సందు ఉంచి కొయ్యాలి, పెట్టె మీద రాసిన సైజు నమ్మి కోస్తే సీజ్ అయిపోతాది. కాబట్టి నువ్వొచ్చి కొలతలు తీసుకెళ్ళాక పిస్టన్, రింగులు, పిన్ను ఒకే సెట్టు వెతుకు. క్రాంక్ సీళ్ళు మాత్రం ఇప్పుడే తెచ్చీసుకో, పొగ ఎక్కువైందన్నావు కదా, గేర్‌బాక్సు ఆయిల్ ఆ సీలు దాటి ఇంజన్‌లోకి వస్తోందేమోనని నా అనుమానం. మంగళవారం షాపు ఉండదు. మీ నాన్నగారిని కూడా తీసుకురా, ఆ బండి సంగతి ఆయన్నడిగితే నాకు సగం పని తగ్గుతాది.